పెరట్లో పని చేసే అబ్బాయి

ఏసుపాదం కొబ్బరిచెట్టు మీంచి పడిన ఏడాది వాళ్లమ్మ బుల్లెమ్మ పెరట్లో ఒక్క గింజ కూడా నాటలేదు. ఆమె ఆ ఇంటికి కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అలాంటి ఏడు లేదు. భర్త పోయిన ఏడు కూడా వరద తియ్యగానే గునపం పట్టుకుని చిక్కుడు పాదులు తవ్వింది. వచ్చినవాళ్లు ముక్కు మీద వేలేసుకుంటే, "ఆయన తినేది ఇందులోదే కదమ్మా" అని ఊరుకుంది. కొడుకు పడ్డప్పుడు మాత్రం గునపం చూరులోనే ఉండిపోయింది.

రాజోలు నుంచి దిండి వెళ్లే దారిలో కాలవ గట్టుని ఆనుకుని ఉన్న చిన్న పేట వాళ్లది. ముందు రెండు గదుల డాబా, వెనక పొడుగాటి పెరడు. పెరడు చివర నీళ్లు పారే ఒక బోదె, దాని మీద కొబ్బరి దుంగ వంతెన. బోదె దాటితే కాశీవిశ్వనాథం గారి కొబ్బరితోట. ఏసుపాదం దింపు పని చేసేవాడు. చెట్టెక్కి గెలలు కోసి కిందికి దించడం. కాళ్లకి తాడు బందం వేసుకుని, మొలలో కత్తి దోపుకుని అతను చెట్టెక్కుతుంటే దారినపోయేవాళ్లు ఆగి చూసేవారు. బుల్లబ్బాయి అని అతనికో జతగాడు. ఇద్దరూ కలిసి చుట్టుపక్కల తోటలన్నీ దింపేవారు. చెట్టు తల మీద మొవ్వులో కూర్చుంటే గోదావరి కనపడుతుందనీ, దిండి దగ్గర తిరిగే పడవలు అగ్గిపెట్టెలంత ఉంటాయనీ ఏసుపాదం ఇంటికొచ్చి చెప్పేవాడు. బుల్లెమ్మకి ఆ కబుర్లు పట్టేవి కావు. పొద్దు నడినెత్తికి రాగానే బోదె గట్టు మీద నిలబడి తోటలోకి కేకేసేది.

"ఒరే ఏసూ! దిగరా! అన్నం చల్లారిపోతంది!"

ఏ చెట్టు మీదున్నాడో ఆమెకి తెలిసేది కాదు. ఏదో ఒక మొవ్వులోంచి, "దిగుతున్నానే అమ్మా!" అని జవాబొచ్చేది. అప్పుడు వెనక్కి తిరిగేది.

ఆ తోటలోనే, వానాకాలంలో ఒక పొద్దుట, ఊతంగా పట్టుకున్న మట్ట ఊడి చేతిలోకొచ్చింది. ప్రాణం దక్కింది గాని నడుము కింద కాళ్లు పోయాయి. కాకినాడ ఆసుపత్రిలో చాన్నాళ్లుంచి, చెయ్యగలిగింది చేసి, ఇంక ఇంటి దగ్గరే చూసుకోమని పంపేశారు. పెళ్లాం ఝాన్సీ కొబ్బరి పీచు మిల్లులో పనికి కుదిరింది. వాళ్లకి పిల్లలు కలగలేదు. పగలంతా ఇంట్లో తల్లీ కొడుకే. ఏడాది పాటు ఏసుపాదం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరొచ్చి పలకరించినా, "ఆయ్, బాగానే ఉన్నానండి" తప్ప ఇంకో మాట లేదు.

మరుసటి ఏడు వినాయక చవితి దాటాక బుల్లెమ్మ ఎవరింటినుంచో ఎండు చిక్కుడుకాయలు ఒడినిండా తెచ్చి అతని గుండెల మీద పోసింది.

"వొలు. నాకు కళ్లానట్లేదు."

అతను పడుకునే వొలిచాడు. గింజలన్నీ గిన్నెలో పడ్డాక ఆమె అడిగింది.

"ఎక్కడ పెట్టమంటావురా వీటిని?"

"నీకు తెలీదా?"

"నాకెందుకు తెలీదు? నువ్వు మాటాడతావేమోనని."

ఏసుపాదం తల ఇటు తిప్పాడు. అలా మొదలైంది. బుల్లబ్బాయి ఒక పలక్కి బేరింగులు బిగించి బండి చేసిచ్చాడు. బురదలో అది కదలదని, పెరట్లో పొడుగునా పాత ఇటుకలు పరిచి బాట వేశాడు. కొబ్బరి దుంగలు అడ్డంగా పడేసి, మధ్యలో ఒండ్రుమట్టి పోసి, కూర్చున్నవాడి చేతికి అందే ఎత్తులో మళ్లు కట్టాడు. రెండు చలికాలాలు తల్లీ కొడుకూ కలిసి ఆ పెరడు సాగు చేశారు. వంగ, టమాటా, ముల్లంగి, మెంతి, ఇంటి గోడ పక్కన బంతి, చేమంతి, బోదె వైపు పెద్ద చిక్కుడు పందిరి. ఆమె నీళ్లు మోసేది, ఇతను గొప్పు తవ్వేవాడు. పనిలో ఉన్నంతసేపూ ఇద్దరూ కీచులాడుకునేవారు. పాదుకి బూడిద ఎక్కువేశావని ఆమె, మొక్కకి ఊపిరాడకుండా నీళ్లు పోశావని ఇతను. సాయంత్రం ఝాన్సీ వచ్చేసరికి ఆ కీచులాట వీధిలోకి వినపడేది. ఆ గొంతులు వింటే ఝాన్సీకి ఒంట్లో అలసట సగం తీరేది.

ఈ ఏడు వరద ఆలస్యంగా తీసింది. తీశాక గింజలు పెట్టారు. చిక్కుడు మొలక పైకి రావాల్సిన రోజులు దాటినా రాలేదు. ఏసుపాదం వేలితో తవ్వి చూస్తే గింజలు కుళ్లి మెత్తగా ఉన్నాయి. మళ్లీ పెట్టారు. ఈసారి అతను కనిపెట్టి చూశాడు. తల్లి నీళ్లు పోసి వెళ్లింది, కాసేపటికి వచ్చి మళ్లీ పోసింది, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వెళ్లి మళ్లీ బిందెతో వచ్చింది.

"ఎన్నిసార్లు పోస్తావే? ఇందాకే పోసేవు కదా!"

"నేనా? ఎప్పుడు పోసేనురా?" అని ఆమె తెల్లబోయింది.

అతను నవ్వి ఊరుకున్నాడు. వయసు మీద పడిందనుకున్నాడు. ఆ తర్వాత పొయ్యి మీద గిన్నె మాడిపోవడం, ఆదివారం అనుకుని బుధవారం నాడు చీర మార్చుకుని ప్రార్థన గుడికి బయల్దేరడం జరిగాయి. దసరా వెళ్లిన తర్వాత ఒక మధ్యాహ్నం అతను వంగ మడిలో కలుపు తీస్తుంటే బుల్లెమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఎవరి తాలూకు అబ్బాయీ నువ్వు?"

"బాగానే ఉంది వేళాకోళం," అన్నాడతను తలెత్తకుండా.

"వేళాకోళం కాదు నాన్నా. ఎండలో పని చేస్తన్నావు, మజ్జిగేవన్నా తాగుతావేమోనని అడిగేను. మా ఏసు తోటకెళ్లేడు. ఇంట్లో మగాళ్లెవరూ లేరు."

ఏసుపాదం చేతిలో తొలిక కింద పెట్టేశాడు. ఆమె ముఖంలో నవ్వు లేదు. మంచి మర్యాద మాత్రం ఉంది, పరాయివాళ్లతో ఉండే మర్యాద.

అమలాపురంలో డాక్టరు దగ్గరికి ఝాన్సీ ఆటోలో తీసుకెళ్లింది. ఇది మతిమరుపు జబ్బనీ, మందులతో కాస్త నెమ్మదిస్తుంది గాని పోయింది తిరిగి రాదనీ, ఆవిడతో వాదన పెట్టుకోవద్దనీ ఆయన చెప్పాడు. ఝాన్సీకి మనసొప్పలేదు. ఇంటికి రాగానే అత్తగారి చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకొచ్చింది.

"అత్తా, సరిగ్గా చూడు. ఈయనే కదా మీ అబ్బాయి."

"నీకేవన్నా పిచ్చెక్కిందేంటే? మావాడు చెట్టెక్కేవాడు. ఈ అబ్బాయికి పాపం కాళ్లే లేవు."

"చెట్టు మీంచి పడ్డారు కదత్తా. నడుం విరిగింది. కాకినాడలో మనిద్దరం ఉన్నాం కదా!"

బుల్లెమ్మ, "ఏసు పడిపోయేడా? ఎప్పుడే? ఎక్కడే?" అంటూ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. మూడేళ్ల కిందట తోటలో ఎలా ఏడ్చిందో అచ్చం అలాగే ఏడ్చింది. పేటవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఎంతమంది ఓదార్చినా ఆగలేదు. చీకటి పడే వేళకి నిద్రపోయి, లేచాక అన్నం పెట్టమని మామూలుగా అడిగింది. ఏమీ గుర్తులేదు. మర్నాడు ఝాన్సీ ఇంకోసారి ప్రయత్నించింది. మళ్లీ అదే ఏడుపు.

"ఇంక చెప్పకు ఝాన్సీ," అన్నాడు ఏసుపాదం. "నువ్వు చెప్పినప్పుడల్లా నేను మళ్లీ పడతన్నాను. అమ్మ లెక్కలో నేనింకా చెట్టు మీదే ఉన్నాను. ఉండనియ్యి."

"మరి మీరు?"

"నేను పెరట్లో పని చేసే అబ్బాయిని."

ఆ రోజు నుంచి అతను తల్లిని "మీరు" అన్నాడు. మొదట్లో నోరు తిరిగేది కాదు. ఆమెని ఒంటరిగా వదలడానికి లేదు, ఇతను వెనకాల పరిగెత్తలేడు. అందుకని పొద్దుట ఝాన్సీ మిల్లుకి వెళ్లగానే ఏదో పని చెప్పి తల్లిని తన దగ్గరే కూర్చోబెట్టుకునేవాడు. "ఏవండీ బుల్లెమ్మ గారూ, ఈ మెంతులు కాస్త చల్లండి" అంటే బుద్ధిగా చల్లేది. కలుపు తీయమంటే గడ్డి ఉంచి వంగ మొక్కలు పీకి కుప్ప వేసేది. "బాగా తీసేరండి" అనేవాడు. ఆమె కునుకు తీసినప్పుడు ఆ మొక్కల్నే మళ్లీ గోతుల్లో నిలబెట్టి నీళ్లు పోసేవాడు. కొన్ని బతికాయి, కొన్ని చచ్చాయి.

ఎండ పలచబడి, సాయంత్రాలు పొట్టివవుతున్న రోజులవి. పని చేస్తూ బుల్లెమ్మ ఆ అబ్బాయికి తన కొడుకు గురించి చెప్పేది. చిన్నప్పుడు బోదెలో పడితే జుట్టు పట్టుకుని లాగిందట. అన్నింట్లోకీ వాడికి చిక్కుడుకాయ కూరంటే ప్రాణమట. ఒకసారి తండ్రి కొడితే రెండు రోజులు తోటలో పాకలోనే ఉండిపోయాడట. ఏసుపాదం ఎరిగినవి కొన్ని, ఎరగనివి ఎన్నో.

"పిల్లల్లేరు వాడికి," అంది ఒకరోజు గొంతు తగ్గించి. "నాకున్న బెంగల్లా అదొక్కటే. వాడి ముందు ఎప్పుడూ అన్లేదు. ఆ పిల్ల ముందు అసలే అన్లేదు. ఇద్దరూ మంచాళ్లు. నువ్వు కూడా అనకు అబ్బాయీ."

"అననండి."

"నీ కాళ్లకేవైంది?"

"చెట్టు మీంచి పడ్డానండి."

"అయ్యయ్యో. మీ అమ్మ ఉందా?"

"ఉందండి."

"ఎలా ఓర్చుకుంటందో మహాతల్లి," అని ఆమె చీర చెంగు కళ్లకి అద్దుకుంది. "నువ్వు మాత్రం ఆవిడ ముందు ఏడవకు," అంది.

ఏసుపాదం ఇంకా కిందికి వంగి మట్టి గుల్ల చేసుకుంటూ ఉండిపోయాడు.

దీపావళి వెళ్లాక తుఫాను పట్టింది. గాలికి చిక్కుడు పందిరి కూలి తీగలన్నీ బురదలో పడ్డాయి. టమాటా మడి తుడిచిపెట్టుకుపోయింది. వాన తెరిపిచ్చాక బుల్లబ్బాయి వెదుళ్లు మోసుకొచ్చి పందిరి నిలబెట్టాడు. అతను ఒక్కొక్క తీగా ఎత్తి అందిస్తే, కింద కూర్చున్న ఏసుపాదం అరటినారతో కట్టాడు. పని మధ్యలో బుల్లబ్బాయి ఉండబట్టలేక అడిగాడు.

"పిన్ని నన్ను గుర్తుపట్టింది. రారా బుల్లబ్బాయీ అంది. నిన్నెందుకు పట్టదురా?"

"నువ్వేం మారలేదు కదరా," అన్నాడు ఏసుపాదం.

నవంబరులో సమాధుల పండగ నాడు పెరట్లో బంతిపూలు కోసి ఝాన్సీ అత్తగార్ని మామగారి సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె కొవ్వొత్తి వెలిగించి, సున్నం వేసిన ఆ సమాధి మీద పూలు పేర్చి, ఇంటికొచ్చాక, "ఎవరో పాపం, ఎవరూ లేనట్టున్నారు. మనం పెట్టేం" అని చెప్పింది.

తర్వాత మంచు మొదలైంది. చిక్కుడు పందిరి పుంజుకుని పూతకొచ్చింది, తెల్లారేసరికి ఆ ఊదారంగు పూలన్నీ తడిసి వేలాడేవి. పేటలో ఇళ్ల మీద క్రిస్మసు నక్షత్రాలు కట్టారు. ఝాన్సీ కూడా ఒకటి కట్టింది. బుల్లెమ్మకి శాలువా కప్పి, కాళ్లకి మేజోళ్లు తొడిగి వెనక అరుగు మీద కూర్చోబెట్టి తను పనికి వెళ్లేది.

ఆ పొద్దుట మంచు ఎంత దట్టంగా ఉందంటే మడి దగ్గర కూర్చున్న ఏసుపాదానికి పందిరి కనపడలేదు. ముల్లంగి దుంపలు పీకుతూ అరుగు వైపు ఏదో అన్నాడు. జవాబు లేదు. నిద్రపోయిందనుకున్నాడు. ఇంకాసేపటికి పిలిచాడు.

"ఏవండీ, బుల్లెమ్మ గారూ!"

బండి తిప్పుకుని అరుగు దగ్గరికి వెళ్తే శాలువా ఒకచోట, మేజోళ్లొకచోట పడున్నాయి. వీధి తలుపు గడియ పెట్టే ఉంది. అంటే వెనక వైపే వెళ్లింది. వెనకంతా బోదె.

ఇటుకల బాట చివరిదాకా బండి తోసుకుంటూ వెళ్లాడు. అక్కడ బురదలో బేరింగు కూరుకుపోయింది. బండి వదిలేసి మోచేతుల మీద పాకాడు. చిక్కుడు పందిరి కింద నుంచి, తడి తీగలు వీపుకి రాసుకుంటుండగా, కాళ్లు ఈడ్చుకుంటూ బోదె గట్టు చేరాడు. దుంగ వంతెన మీద ఎవరూ లేరు. నీళ్లలోకి చూశాడు. తెల్లటి పొగమంచు తప్ప ఏమీ కనపడలేదు. సరిగ్గా అప్పుడు తోటలోంచి వినపడింది.

"ఒరే ఏసూ! దిగరా!"

"అమ్మా! ఇక్కడున్నాను! ఇటు రా!" అని అరిచాడు.

ఆ గొంతు ఇటు రాలేదు. ఇంకో చెట్టు కింద నుంచి వినపడింది, ఇంకా దూరంగా. "దిగరా నాన్నా! మంచుకి చెట్టు జారుద్ది!" తోట అవతలి వైపు పెద్ద కాలవ ఉంది. గొంతు అటే పోతోంది.

"అమ్మా! ఇంట్లోనే ఉన్నానే! వెనక్కి రా!"

గొంతు ఇంకా దూరమైంది. కొడుకు ఇంట్లో ఉన్నాడంటే ఆమె ఎందుకు నమ్ముతుంది? ఏసుపాదానికి ఒక్కసారిగా తెలిసొచ్చింది. రెండు చేతుల మీద ఒళ్లు పైకెత్తి, తల వెనక్కి వాల్చి, మొవ్వులో కూర్చున్నప్పుడు అరిచే గొంతుతో అరిచాడు.

"దిగుతున్నానే అమ్మా!"

తోట నిశ్శబ్దమైపోయింది.

"దిగుతున్నాను! నువ్వక్కడే నిలబడు! గెల పడుద్ది, కదలకు!"

"నిలబడ్డానురా," అని వచ్చింది జవాబు. "చూసుకుని దిగు."

"చూసుకునే దిగుతున్నాను!"

అతను ఆపలేదు. కత్తి మొలలో పెట్టుకున్నానన్నాడు. బందం సర్దుకుంటున్నానన్నాడు. సగం దిగేనన్నాడు. చెట్టు తడిగా ఉంది, నెమ్మదిగా దిగాలన్నాడు. ఏ దింపువాడూ ఏ చెట్టు మీంచీ అంతసేపు దిగి ఉండడు. గొంతు బొంగురుపోయింది. మాట ఆగితే ఆమె కదులుతుందని ఆపలేదు. ఆ అరుపులు విని ఇంటి ముందు కాలవ గట్టు మీద మోటారు సైకిలు ఆగింది. తోటకి వెళ్తున్న బుల్లబ్బాయి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. గట్టు మీద బురదలో పడున్న స్నేహితుణ్ణి చూసి వంగబోయాడు.

"నన్నొదిలెయ్! అమ్మ తోటలో ఉంది. పెద్ద కాలవ వైపు. పరిగెత్తు!" అని, మళ్లీ తోట వైపు తిరిగి, "వచ్చేస్తున్నానే!" అని అరిచాడు.

బుల్లెమ్మ ఒక చెట్టు మొదట్లో నిలబడి ఉంది. దుంగ మీంచి కాకుండా నీళ్లలోంచే బోదె దాటినట్టుంది, చీర నడుందాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. తల పైకెత్తి చూస్తోంది. బుల్లబ్బాయి భుజం మీద చెయ్యి వేస్తే, "ష్, దిగుతున్నాడు" అంది.

"దిగేసేడు పిన్నీ. అటునుంచి ఇంటికెళ్లేడు. పద."

అతను ఆమెని ఎత్తుకుని తీసుకొచ్చి గట్టు మీద దించాడు. ఆమె ఏసుపాదాన్ని చూసింది. ముఖమంతా బురద, చొక్కా చిరిగి మోచేతులు నెత్తురోడుతున్నాయి. బుల్లెమ్మ అతని పక్కన కూర్చుంది. తడి కొంగుతో అతని ముఖం తుడిచింది, నుదురు, కళ్లు, బుగ్గలు.

"ఇక్కడిదాకా ఎందుకొచ్చేవు అబ్బాయీ, కాళ్లు లేనివాడివి? దెబ్బలు తగిలించుకున్నావు."

అతను ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"మావాడు దిగేడంట," అంది ఆమె సంతోషంగా.

"ఆయ్, దిగేడండి," అన్నాడు ఏసుపాదం. "నేను చూసేను."

ఆ సాయంత్రానికే ఆమెకి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. రాజోలులో ఆసుపత్రిలో ఉంచి, సూదులేయించి తీసుకొచ్చారు. జ్వరం తగ్గింది గాని మనిషి లేవలేదు. ఝాన్సీ పని మానేసి దగ్గరుంది. ఏసుపాదం తన మంచాన్ని ఆమె మంచం పక్కకి జరిపించుకున్నాడు. క్రిస్మసు నాడు పాటలు పాడేవాళ్లు ఇంటి ముందుకొచ్చి నెమ్మదిగా ఒక పాట పాడి, కేకలెయ్యకుండా వెళ్లిపోయారు.

తర్వాత నాలుగు రోజులకి పందిరి మీద తొలి కాయ లేతగా అందింది. ఝాన్సీ గిన్నెడు కోసి, అల్లం పచ్చిమిర్చి నూరి వేసి, కొబ్బరి కోరు చల్లి కూర వండింది. అన్నంలో మెత్తగా పిసికి ఏసుపాదమే తల్లికి తినిపించాడు. ఆమె రెండు ముద్దలు తిన్నది.

"బాగుంది. ఎవరి పెరట్లోవి?"

"మీ పెరట్లోవేనండి. మీరు పెట్టిన గింజలే."

మూడో ముద్దకి ఆమె తల అడ్డంగా ఊపింది. "చాలు. ఉన్నది మూతపెట్టి ఉంచండమ్మా. మావాడొస్తే తింటాడు. వాడికి ఇదంటే..."

మాట మధ్యలోనే కళ్లు మూసుకుంది. ఝాన్సీ గిన్నె మీద మూత పెట్టి గూట్లో పెట్టింది. ఆ సాయంత్రం తీసి భర్తకి వడ్డించింది. అతను మెతుకు వదలకుండా తిన్నాడు. ఝాన్సీ పక్కకి తిరిగి కూర్చుంది.

కొత్త సంవత్సరం ప్రార్థన అయిన మర్నాడు, మధ్యాహ్నం వేళ, బుల్లెమ్మ పోయింది. పెద్దగా బాధ పడలేదు. ఊపిరి తీసుకుంటూ తీసుకుంటూ ఆగిపోయింది.

సమాధుల దొడ్డికి వెళ్లే గట్టు సన్నంగా ఉంటుంది. ఏసుపాదాన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి బుల్లబ్బాయీ, ఒకప్పటి దింపువాళ్లూ మోసుకెళ్లారు. కాశీవిశ్వనాథం గారు చెప్పులు విడిచి గట్టు చివర నిలబడ్డారు. పాస్టరు గారి ప్రార్థనయ్యాక పిడికెడు మట్టి వెయ్యమన్నారు. కుర్చీలోంచి చెయ్యి అందక, ఇద్దరు అతన్ని గోతి అంచుకి వంచి పట్టుకున్నారు. అంతసేపూ ఏడవనివాడు అక్కడ ఏడ్చాడు.

తర్వాత చలి ఇంకా ముదిరింది. ఆ ఏడు చిక్కుడు విరగకాసింది, పందిరి కింద గుత్తులు గుత్తులుగా వేలాడింది. ఏసుపాదం పెరట్లోకి వెళ్లలేదు. కాయలు లావెక్కి, కొన్ని పసుపు తిరిగాయి. మళ్లీ పీచు మిల్లుకి వెళ్తున్న ఝాన్సీ ఒకరోజు పని మానుకుంది.

"కాయలన్నీ ముదిరిపోతన్నాయండీ. పొరుగువాళ్లు అడుగుతున్నారు. కొయ్యరా?"

అతను గోడవైపు తిరిగాడు.

"నాతో చెప్పండి పోనీ. ఆవిడ మిమ్మల్ని మర్చిపోయి పోయిందనేగా మీ బాధ?"

"మర్చిపోలేదే," అన్నాడు. "రోజూ నా గురించే చెప్పేది. నా పక్కనే కూర్చుని నాకే చెప్పేది. నేనే అమ్మా అని పిలవలేకపోయేను. దసరా నుంచీ ఆవిడ్ని ఏవండీ అన్నాను ఝాన్సీ. కన్నతల్లిని. ఆ మంచులో తప్ప నోరారా అమ్మా అన్లేదు. అది కూడా చెట్టు మీద ఉన్నవాడు పిలిచేడు, నేను కాదు."

ఝాన్సీ లేచి, బండి తెచ్చి మంచం పక్కన పెట్టింది. అతను దాని మీదికి జరిగాడు. ఇద్దరూ పెరట్లోకి వెళ్లారు. ఆమె నిలబడి పై కాయలు కోసింది, అతను కింద అందినవి కోశాడు. బుట్ట నిండితే చీర పరిచి పోశారు. ముదిరినవి వేరే వేశారు. ఎండ పందిరి దాటి బోదె వైపు జారేదాకా కోస్తూనే ఉన్నారు.

ఝాన్సీ ఆ కాయలు ఇంటింటికీ పంచింది. ఆ పూట పేటలో చాలా ఇళ్లలో చిక్కుడుకాయ కూర పొయ్యెక్కింది. వీళ్లింట్లో మాత్రం పొయ్యి వెలిగించలేదు. బుల్లబ్బాయి భార్య పంపిన చారన్నం తిని, దీపం తీసేసి, పెందలాడే పడుకున్నారు.